ఆ శ్లోకం దగ్గరే ఆగిపోతున్నాం

నల్లరాళ్లు పేర్చి కట్టిన ఆ స్తంభం మనిషికి రెండింతల ఎత్తు ఉంటుంది. దాని ముందు ఫోటో దిగడానికి జనం వరసలో నిలబడి ఉన్నారు. మా వంతు వచ్చింది. మా నాయన ఫోన్ వైపు చూడలేదు. స్తంభం వైపు తిరిగి, చేతులు కట్టుకుని, ఒకప్పుడు క్లాసులో పిల్లలకు చెప్పినంత నిదానంగా చదివాడు. "కాలోస్మి లోకక్షయకృత్ ప్రవృద్ధో లోకాన్ సమాహర్తుమిహ ప్రవృత్తః." వెనక నిలబడ్డ ఒక అమెరికన్ పెద్దాయన ఏమిటది అని అడిగాడు. అణుబాంబు తయారీని నడిపిన శాస్త్రవేత్త ఓపెన్‌హైమర్ చెప్పిన "నేనిప్పుడు లోకాలను నాశనం చేసే మృత్యువునయ్యాను" అన్న మాటకు మూలం భగవద్గీతలోని ఈ శ్లోకం అని చెప్పాను. ఆయన ముఖం విప్పారింది. మా నాయన చెయ్యి పట్టుకుని ఊపాడు. నాకు చాలా గర్వంగా అనిపించింది. ఆ గర్వం గురించే ఇదంతా రాస్తున్నాను.

అది 2024 అక్టోబర్, మూడో శనివారం. మేముండే న్యూమెక్సికో రాష్ట్రంలోని అల్బుకర్కీ నుంచి దక్షిణంగా రెండు గంటలకు పైగా ప్రయాణం. ట్రినిటీ సైట్ అనే ఆ చోటు వైట్ శాండ్స్ మిసైల్ రేంజ్ లోపల ఉంటుంది. మామూలు రోజుల్లో ఎవరినీ రానివ్వరు, ఏడాదికి ఒకటి రెండు రోజులు గేటు తీస్తారు. 1945 జులై 16 తెల్లవారుజామున 5:29కి ప్రపంచంలో మొదటి అణుబాంబు పేలింది అక్కడే. తెలుగు పండితుడిగా ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మా నాయన ప్రొద్దుటూరు నుంచి వచ్చేముందే చెప్పాడు, గ్రాండ్ కాన్యన్ లేకపోయినా ఫరవాలేదు, ఆ శ్లోకం పుట్టిన చోటు చూపించమని.

తిరిగి వస్తుంటే సైనికుల గేటు బయట, రోడ్డు పక్కన కొంతమంది నిలబడి ఉన్నారు. ఎక్కువమంది ఆడవాళ్లు, అరవై దాటినవాళ్లు. చేతుల్లో అట్టలు, కొందరి అట్టల మీద పాత ఫోటోలు. కారు నెమ్మది చేస్తే ఒకామె వచ్చి కిటికీలోంచి ఒక కాగితం ఇచ్చింది. ముఖంలో కోపం లేదు. థాంక్యూ అంది, వెనకకారు వైపు వెళ్లింది.

"ఎవరమ్మా వాళ్లు?" అన్నాడు నాయన.

ఆరేళ్లుగా ఆ రాష్ట్రంలో ఉంటున్నాను. నాకు తెలియదు. శ్లోకం తెలుసు. ఏ అధ్యాయమో తెలుసు. ఆ బాంబు బూడిద ఎవరి ఇంటి కప్పు మీద పడిందో మాత్రం తెలియదు.

ఆ కాగితం నాయన ఒళ్లో ఉంది. నేను నడుపుతూ ఉన్నాను, ఆయన కూడబలుక్కుని చదువుతూ ఉన్నాడు. టులరోసా, కారిజోజో, సొకోరో, శాన్ ఆంటోనియో. ఊళ్ల పేర్లు. గాలి వాటున ఉన్న ఊళ్లవాళ్లు కాబట్టి వాళ్లు తమను డౌన్‌విండర్లు అని పిలుచుకుంటారు. ఎక్కువగా స్పానిష్ మాట్లాడే పాత కుటుంబాలు, పశువుల క్షేత్రాలు (రాంచ్‌లు) నడిపేవాళ్లు, మెస్కలెరో అపాచీ తెగవాళ్లు. ఆ ఎడారిలో మనుషులు లేరని మనం చదువుకున్నాం. పేలుడు జరిగిన చోటికి 12 మైళ్ల దూరంలోనే కాపురాలు ఉన్నాయి. 150 మైళ్ల లోపల దాదాపు అయిదు లక్షల మంది ఉన్నారు.

ఒక్కరికీ ముందు చెప్పలేదు. యుద్ధ రహస్యం కాబట్టి చెప్పలేదనుకుందాం. పేలిన తర్వాత కూడా చెప్పలేదు. అలమోగోర్డో ఎయిర్ బేస్ నుంచి పత్రికలకు ఒక ప్రకటన ఇచ్చారు. మారుమూల ఉన్న ఒక మందుగుండు గోదాము పేలింది, ఎవరికీ ఏమీ కాలేదు, అని. అప్పటికే వంద మైళ్ల అవతల సిల్వర్ సిటీలో కిటికీ అద్దాలు పగిలాయి. సూర్యుడు రాకముందే ఆకాశం పట్టపగలైంది. దానికి జవాబు ఒక గోదాము. జనం నమ్మారు, నమ్మక ఏం చేస్తారు?

అక్కడ మేం చూసిన ఒక వస్తువు గురించి చెప్పాలి. పార్కింగ్ నుంచి స్తంభం వైపు నడిచే దారి దగ్గర ఒక పెద్ద ఉక్కు గొట్టం పడి ఉంది. పేరు జంబో. పిల్లలు ఒక చివర దూరి ఇంకో చివర బయటికి వస్తూ ఆడుకుంటున్నారు. 25 అడుగుల పొడవు, అడుగు దాటిన మందం, తయారైనప్పుడు 214 టన్నుల బరువు. ఎందుకు చేశారో తెలిసి నేను అక్కడే కాసేపు నిలబడిపోయాను. బాంబులో ఉన్నది 6 కిలోల ప్లుటోనియం. అప్పటికి లోకంలో అది చాలా అరుదైన లోహం. బాంబు సరిగ్గా పేలక తుస్సుమంటే ఆ ప్లుటోనియం ఎడారి పాలవుతుంది. అలా పోకుండా, మళ్లీ ఏరుకోవడానికి, ఆ ఉక్కు పాత్ర చేయించారు. చివరికి బాంబు పేలుతుందని నమ్మకం కుదిరి దాన్ని వాడలేదు, పక్కన వేలాడదీశారు.

ప్లుటోనియం చెదిరితే ఏం చేయాలన్న ఆలోచనకు 214 టన్నుల ఉక్కు దొరికింది. అదే ప్లుటోనియం మనుషుల మీద చెదిరితే ఏం చేయాలన్న ఆలోచనకు దొరికిందల్లా, అవసరమైతే కొన్ని వందల మందిని తరలించడానికి పక్కన పెట్టిన కొందరు సైనికులు, కొన్ని ట్రక్కులు. వాటినీ కదిలించలేదు. బాంబులో ఉన్న ప్లుటోనియంలో అయిదో వంతు కూడా ఖర్చు కాలేదు. మిగిలింది సుమారు 5 కిలోలు, మబ్బులో కలిసిపోయింది.

ఆ మబ్బు మామూలు మబ్బు ఎందుకు కాలేదో కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే అసలు సంగతి అక్కడే ఉంది. హిరోషిమాలో, నాగసాకిలో బాంబును నేలకు అయిదారు వందల మీటర్ల ఎత్తున పేల్చారు. దాని అగ్నిగోళం నేలను తాకలేదు. ట్రినిటీలో బాంబును పెట్టిన ఉక్కు టవర్ ఎత్తు వంద అడుగులే. అగ్నిగోళం నేలను తాకింది. టవర్ ఆవిరైంది. కింద ఇసుక కరిగి లేతాకుపచ్చ గాజైంది, దానికే ట్రినిటైట్ అని పేరు. ఎన్నో టన్నుల మట్టి పైకి లేచి, పగిలిన పరమాణువుల ముక్కలను అంటించుకుని, 50,000 అడుగులు దాటి వెళ్లి, చల్లబడి, గాలి ఎటు తోస్తే అటు రాలింది. చంపడానికి వేసిన బాంబుల కంటే, ప్రయోగం కోసం పేల్చిన బాంబు తన చుట్టుపక్కల ఊళ్ల మీద ఎక్కువ దుమ్ము రాల్చే తీరులో పేలింది. హిరోషిమా కంటే ఇరవై ఒక్క రోజుల ముందు.

ఒస్కురో అనే చోట ఉన్న ఒక కుటుంబం కొన్ని రోజుల పాటు తెల్లటి పొడి మంచులా కురిసిందని చెప్పింది. వాళ్లకు పాడి ఆవులున్నాయి. తాగే నీళ్లు ఇంటి కప్పు మీద పడిన వాన నీళ్లు. అక్కడ అప్పట్లో చాలా ఇళ్లకు అదే ఆధారం. బావి తవ్వితే ఉప్పు నీళ్లు, కాలువ లేదు. రేకుల కప్పు మీద పడిన వాన దోనెలోకి, దోనెలోంచి గొట్టంలోకి, గొట్టంలోంచి నేలలో కట్టిన తొట్టిలోకి. పైన మూత, పక్కన బకెట్టు. జులై అక్కడ వానలు మొదలయ్యే నెల. బాంబును తెల్లవారుజామున 4 గంటలకు పేల్చాలనుకుని, ఉరుములు, వాన వల్లే వాయిదా వేశారు. కప్పు మీద పేరుకున్న పొడిని తర్వాతి వాన తొట్టిలోకి కడిగింది. ఆ తొట్టి నీళ్లే పసిబిడ్డకు పాలలో కలిపారు. ఆరేసిన బట్టల మీద పడిన పొడిని దులిపి అవే తొడిగారు.

కారులో ఇది చదివినప్పుడు నాయన కాగితం మూసేశాడు. "మన పాత మిద్దె నీళ్లు కూడా తొట్లోకే కదమ్మా వచ్చేది," అన్నాడు. "మీ అవ్వ మొదటి వాన నీళ్లు పట్టనిచ్చేది కాదు. మిద్దె కడిగిన నీళ్లని పారబోయించేది." తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

మా అవ్వకు దుమ్ము సంగతి తెలుసు కాబట్టి పారబోయించింది. టులరోసా అవ్వలకు కూడా మొదటి వాన సంగతి తెలిసే ఉంటుంది. ఈ దుమ్ము ఏ దుమ్మో చెప్పి ఉంటే చాలు, వాళ్లు పారబోసి ఉండేవాళ్లు. కొన్ని వారాలు పాలు మాని ఉండేవాళ్లు. పేలుడులో పుట్టే రేడియో అయోడిన్ అనే రేడియోధార్మిక పదార్థం ఎనిమిది రోజులకు సగం అవుతుంది. గడ్డి మీద పడి, ఆవు మేసి, పాలలోకి వచ్చి, పిల్లల గొంతులోని థైరాయిడ్‌లో చేరుతుంది. రెండు నెలలు ఆ పాలు తాగకుండా ఆపగలిగితే ప్రమాదం చాలావరకు తప్పుతుంది. ఖర్చు లేని పని. ఒక్క మాట చెప్పడమే. ఈ ఒక్క విషయం దగ్గర నాకు కోపం ఆగదు.

అధికారులకు తెలియక కాదు. దుమ్ము రాలుతుందని శాస్త్రవేత్తలు ముందే హెచ్చరించారు. బాంబు తయారీ ప్రాజెక్టు వైద్యాధికారి స్టాఫర్డ్ వారెన్ పేలుడు జరిగిన అయిదు రోజులకే, జులై 21న, ఆ ప్రాజెక్టు సైనికాధిపతి జనరల్ గ్రోవ్స్‌కు నివేదిక రాశాడు. ఈశాన్యంగా దాదాపు 90 మైళ్ల పొడవు, 30 మైళ్ల వెడల్పు పట్టీలో రాలిన దుమ్ము చాలా తీవ్రమైన ప్రమాదం కాగలిగేది అని. ఇలాంటి పరీక్ష మళ్లీ చేయాలంటే చుట్టూ 150 మైళ్ల వరకు మనుషులు లేని చోటు వెతకమని. రేడియేషన్ కొలిచేవాళ్లు హాట్ కాన్యన్ అని పేరు పెట్టిన లోయలో, తమ మ్యాపులో లేని ఒక ఇల్లు ఉందని, అందులో ముసలి దంపతులు, మనవడు ఉన్నారని తర్వాత తెలుసుకున్నారు. వెళ్లి చూసి వచ్చారు. ఏం జరిగిందో ఆ ముసలివాళ్లకు చెప్పలేదు.

ఆవుల సంగతి వేరుగా జరిగింది. దుమ్ము పడ్డ పశువుల వీపుల మీద వెంట్రుకలు ఊడి, మళ్లీ తెల్లగా మొలిచాయి. ఎర్రటి హియర్‌ఫోర్డ్ జాతి కదా, తెలుపు దూరం నుంచే కనిపించింది. ప్రభుత్వం వాటిలో కొన్నింటిని కొనుక్కుంది. అణు ప్రయోగశాలలున్న లాస్ అలామోస్‌కు, ఓక్ రిడ్జ్‌కు తీసుకెళ్లి ఏళ్ల తరబడి పరిశీలించింది. ఆ ఆవుల పాలు తాగినవాళ్లను మాత్రం ఎవరూ పరిశీలించలేదు.

ఇంకో సాక్ష్యం ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. కొడాక్ కంపెనీ ఎక్స్‌రే ఫిల్ములు మచ్చలు పడి పాడయ్యాయి. వాళ్ల శాస్త్రవేత్త జూలియన్ వెబ్ ఆరా తీస్తే, ఫిల్ముల మధ్య పెట్టే అట్టలో తేడా ఉంది. ఆ అట్ట ఇండియానా రాష్ట్రంలో, పేలుడు జరిగిన చోటికి వెయ్యి మైళ్ల పైన ఉన్న మిల్లులో తయారైంది. అట్టకు వాడిన నది నీళ్లలో అణు ధూళి ఉంది. ఫిల్ముకు మచ్చ పడితే వెయ్యి మైళ్ల అవతల కనిపెట్టగలిగారు. 2023లో ప్రిన్స్‌టన్ పరిశోధకులు అప్పటి వాతావరణ లెక్కలతో మళ్లీ గణించి, పది రోజుల్లో ఆ ధూళి 46 రాష్ట్రాలకు, కెనడాకు, మెక్సికోకు చేరిందని చూపించారు.

రుయిడోసో దగ్గర నది ఒడ్డున ఒక వేసవి శిబిరంలో పదమూడేళ్ల ఆడపిల్లలు ఉన్నారు, డాన్సు నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు. పేలుడు అదురుకు మంచాల మీద నుంచి పడ్డారు. తర్వాత తెల్లటి రేకులు కురిస్తే మంచు అనుకున్నారు. జులైలో మంచు. చల్లగా లేదేమిటి అని ఆశ్చర్యపోతూనే ముఖాలకు పూసుకున్నారు, నదిలో ఆడుకున్నారు. వాళ్లలో ఒకరు పెద్దయ్యాక చెప్పిన మాట ఇది. తన స్నేహితురాళ్లలో చాలామంది నలభై ఏళ్లు చూడలేదని కూడా ఆమె చెప్పింది.

ఇక్కడ ఎవరైనా అడుగుతారు, అడగాలి కూడా. ఆ క్యాన్సర్లు ఆ బాంబు వల్లే వచ్చాయని రుజువేమిటి? నిజమే, ఒక్కొక్క మనిషిని చూపించి ఇది అందువల్లే అని చెప్పలేం. అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ 2020లో తన అధ్యయనం వెలువరించింది. వాళ్ల అంచనా ప్రకారం ట్రినిటీ వల్ల అదనంగా వచ్చిన, రాబోయే క్యాన్సర్లు కొన్ని వందలు, ఎక్కువ భాగం థైరాయిడ్. తరతరాలుగా జబ్బు ప్రసరించిందనే దానికి ఆధారం లేదని కూడా వాళ్లు అన్నారు. డౌన్‌విండర్లు ఆ లెక్కను ఒప్పుకోరు. 1945లో ఆ రాష్ట్రంలో పసిబిడ్డల మరణాలు ముందు ఏడాది కంటే, తర్వాతి ఏడాది కంటే ఎక్కువ ఉన్నాయని ఇంకొందరు పరిశోధకులు చూపించారు. దాని కారణం మీద కూడా వాదం తెగలేదు.

నేను ఇంజనీర్‌ని, వైద్యురాలిని కాదు. ఈ వాదంలో తీర్పు చెప్పే స్థాయి నాకు లేదు. కానీ ఒక విషయం చెప్పగలను. రుజువు లేకపోవడం ఆకాశం నుంచి ఊడిపడలేదు. న్యూమెక్సికోలో క్యాన్సర్ కేసులు నమోదు చేసే రిజిస్ట్రీ మొదలైంది 1966లో. అప్పటికి ఇరవై ఒక్క ఏళ్లు గడిచాయి. ఆ ఇరవై ఒక్క ఏళ్లలో ఎవరికి క్యాన్సర్ వచ్చిందో ఒకచోట రాసి పెట్టినవాళ్లు లేరు, చాలావరకు ఇంట్లోవాళ్ల జ్ఞాపకంలోనే ఉంది. 2010లో ప్రభుత్వ సంస్థ సీడీసీ చేయించిన పరిశీలన ఒకటి తేటగా చెప్పింది. జనం తిరిగే చోట్ల అప్పుడు కొలిచిన రేడియేషన్ ఈనాడు అనుమతించే దానికి 10,000 రెట్ల వరకు ఉంది. నీళ్లలో, పాలలో, ఊపిరిలో లోపలికి వెళ్లిన దాన్ని మాత్రం అప్పటికి ఎవరూ సరిగా లెక్కించలేదు. కొలవాల్సిన రోజున కొలవకుండా, తర్వాత బాధితుణ్ణి కొలతలు తెమ్మనడం న్యాయం కాదు.

పరిహారం కథలోనూ ఇదే జరిగింది. 1990లో అమెరికా పార్లమెంటు రేడియేషన్ బాధితుల పరిహార చట్టం చేసింది. నెవాడాలో 1951 నుంచి చేసిన పరీక్షల గాలి తగిలిన నెవాడా, యూటా, ఆరిజోనా జిల్లాలవాళ్లకు 50,000 డాలర్లు. యురేనియం గని కార్మికులకు లక్ష. మొట్టమొదటి బాంబు గాలి తగిలినవాళ్ల పేరు ఆ చట్టంలో లేదు. 2005లో టీనా కార్డోవా, ఫ్రెడ్ టైలర్ కలిసి టులరోసా బేసిన్ డౌన్‌విండర్స్ కన్సార్టియం పెట్టారు. టీనా కార్డోవాకు కూడా థైరాయిడ్ క్యాన్సర్ వచ్చి తగ్గింది. అప్పటి నుంచి వాషింగ్టన్ చుట్టూ తిరిగారు. ఒకసారి బిల్లు ఒక సభలో గట్టెక్కితే ఇంకో సభలో ఆగింది. 2024 జూన్‌లో చట్టం గడువే తీరిపోయింది. మేం గేటు దగ్గర చూసిన ఆడవాళ్లు ఆ అక్టోబర్‌లో, ఏ చట్టమూ లేని సమయంలో, అట్టలు పట్టుకుని నిలబడి ఉన్నారు.

ఇప్పుడు శ్లోకం దగ్గరికి వస్తాను.

2023లో ఓపెన్‌హైమర్ మీద హాలీవుడ్ సినిమా వచ్చినప్పుడు మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిందంతా ఏమిటి? ఆ శ్లోకమే. సినిమాలో ఒక సన్నివేశంలో దాన్ని వాడిన తీరు మీద గొడవ కూడా జరిగింది. మన గ్రంథానికి అవమానం అని కొందరు, మన గ్రంథానికి దక్కిన గౌరవం అని కొందరు. నేను రెండో జట్టులో ఉన్నాను. టులరోసావాళ్ల మాట ఆ మూడు గంటల సినిమాలో లేదని నాకు తట్టలేదు.

ఓపెన్‌హైమర్ బర్క్‌లీలో ఆర్థర్ రైడర్ దగ్గర సంస్కృతం నేర్చుకుని గీత మూలంలో చదివాడు, అది నిజం. కానీ బాంబు పేలిన క్షణంలో ఆ శ్లోకం పైకి చదవలేదు. పక్కనే ఉన్న తమ్ముడు ఫ్రాంక్‌కు గుర్తున్నది, పనిచేసింది అన్నట్టు ఏదో అన్నాడని. శ్లోకం తనకు గుర్తొచ్చిందని ఆయన కెమెరా ముందు చెప్పిన మాట మనం చూసేది 1965 నాటిది, ఇరవై ఏళ్ల తర్వాతది. గుర్తొచ్చి ఉండొచ్చు. ఆయన బాధను నేను శంకించను. కానీ ఆ బాధ ఎంత అందంగా చెప్పబడిందంటే, దాని వెనక ఇంకెవరి బాధా కనపడదు.

మా నాయనతో ఆ రాత్రి ఇదే మాట్లాడాను. ఆయన నాకంటే ముందుకు వెళ్లాడు. "ఆ తర్వాతి శ్లోకం చూడు," అన్నాడు. "నిమిత్తమాత్రం భవ సవ్యసాచిన్. వీళ్లను నేను ముందే చంపేశాను, నువ్వు నిమిత్తమాత్రుడివి అంటాడు. ఆ మాట ఎవరితో అన్నాడు? ఎదురుగా ఆయుధం పట్టుకుని యుద్ధానికి వచ్చినవాళ్ల గురించి అర్జునుడితో అన్నాడు. రెండు సేనలూ శంఖాలు ఊదుకున్నాయి. నీళ్లు తోడుకుంటున్న ఆడమనిషి గురించి కాదమ్మా ఆ మాట."

ఇంతకంటే బాగా నేను చెప్పలేను. కురుక్షేత్రంలో ఉన్నవాళ్లందరికీ అది కురుక్షేత్రమని తెలుసు. శ్లోకాన్ని తీసుకొచ్చి ట్రినిటీ మీద పెడితే, ఆ పేలుడు ఒక విధిలాగా, ఎవరూ ఆపలేనిదిలాగా, చేసినవాళ్లు నిమిత్తమాత్రులైనట్టుగా కనిపిస్తుంది. నిజానికి అందులో ప్రతి అడుగూ ఎవరో తీసుకున్న నిర్ణయం. జర్మనీలోని పాట్స్‌డామ్‌లో జులై 17న మొదలయ్యే సమావేశంలో అధ్యక్షుడు ట్రూమన్ చేతిలో ఫలితం ఉండాలని వాన రాత్రి కూడా వెనక్కి తగ్గకపోవడం నిర్ణయం. మందుగుండు గోదాము అని రాసిచ్చిన కాగితం నిర్ణయం. యుద్ధం ముగిశాక కూడా నోరు విప్పకపోవడం నిర్ణయం. యుద్ధకాలం కాబట్టి అనే సమాధానం 1945 ఆగస్టుకే అయిపోయింది. ఆ తర్వాతి మౌనానికి సమాధానం ఎవరు చెప్పాలి?

హిరోషిమా, నాగసాకి ముందు ఇది చిన్నది అని ఎవరైనా అంటే నేను కాదనను. ట్రినిటీలో పేలిన బాంబు నమూనానే ఆగస్టు 9న నాగసాకి మీద వేశారు. అక్కడ జరిగింది దేనితోనూ పోల్చలేం. కానీ ఒక దుఃఖం పెద్దదైనంత మాత్రాన ఇంకొకటి లేకుండా పోదు.

మన దగ్గరి సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. మా కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం గని, శుద్ధి కర్మాగారం ఉన్నాయి. వ్యర్థాల చెరువు పక్కన కొట్టాల రైతులు బోరు నీళ్లు మారిపోయాయని, అరటి తోటలు ఎండిపోతున్నాయని, ఒంటికి దద్దుర్లు వస్తున్నాయని ఏళ్లుగా చెబుతున్నారు. అంతా పరిమితుల్లోనే ఉందని కంపెనీ చెబుతోంది. బాంబూ గనీ ఒకటే అనడం లేదు, అలా అంటే అబద్ధం. కానీ నీళ్లు ఎవరు కొలుస్తున్నారు, ఆ అంకె రైతు చేతికి ఏ భాషలో వస్తోంది, ఎప్పుడు వస్తోంది అనే ప్రశ్న మాత్రం ఒకటే. 2019లో నల్లమలలో యురేనియం అన్వేషణ వద్దని చెంచులు, జనం గట్టిగా నిలబడితే తెలంగాణ శాసనసభ వద్దని తీర్మానం చేసింది. అక్కడ ముందే అడిగారు. ముందే అడగడానికి వీలు లేకపోయినవాళ్లు టులరోసాలో ఉన్నారు.

2025 జులై 4న సంతకమైన పెద్ద బడ్జెట్ చట్టంలో ఒక మూలన ఆ పరిహార చట్టం మళ్లీ ప్రాణం పోసుకుంది. ఈసారి న్యూమెక్సికో ఉంది. జాబితాలో ఉన్న క్యాన్సర్ వచ్చినవాళ్లకు లక్ష డాలర్లు, వాళ్లు పోయి ఉంటే వారసులకు. 1944 సెప్టెంబర్ నుంచి 1962 నవంబర్ మధ్య కనీసం ఏడాది ఆ రాష్ట్రంలో ఉన్నట్టు చూపించాలి. 2027 డిసెంబర్ 31 లోపల దరఖాస్తు చేయాలి. ఎనభై ఏళ్లు ఆగిన తర్వాత రెండున్నరేళ్ల గడువు.

ఆ నెలలోనే నేను టులరోసా వెళ్లాను. ప్రతి జులైలో అక్కడ పోయినవాళ్ల కోసం దీపాలు పెడతారు. గోధుమ రంగు కాగితం సంచుల్లో అడుగున ఇసుక పోసి, కొవ్వొత్తి నిలబెట్టి, సంచి మీద పేరు రాస్తారు. వాటిని లుమినారియాలు అంటారు. పొద్దు వాలాక మైదానం చుట్టూ వరసగా వెలిగించారు. గాలి వీస్తే కాగితం లోపలికి ముడుచుకుని మళ్లీ విచ్చుకునేది. తర్వాత పేర్లు చదవడం మొదలైంది. ఒకరు అలసిపోతే ఇంకొకరు అందుకున్నారు. ఒకే ఇంటిపేరు నాలుగుసార్లు, అయిదుసార్లు వరసగా వచ్చినప్పుడు నా పక్కన కూర్చున్న ముసలామె తన చేతి వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టుకుంది.

ఆమెకు దరఖాస్తు గురించే బెంగ. ఆ రోజుల్లో వాళ్ల నాన్న పేరు మీద ఇల్లు లేదు, పన్ను కాగితం లేదు. బాప్తిస్మం రాసిన చర్చి పుస్తకం ఉందేమో అడగాలి, స్కూలు రిజిస్టరు దొరుకుతుందేమో చూడాలి అని చెప్పింది. కంప్యూటర్లో ఫారం నింపడం వస్తుందా అని నన్ను అడిగింది. వస్తుందన్నాను.

నాయనకు ఫోన్ చేసి చెప్పాను. అక్కడ తెల్లారింది, కాఫీ తాగుతున్నట్టున్నాడు. కాసేపు ఏమీ అనలేదు. "కాలోస్మి అంటే మృత్యువు అని కాదమ్మా ముందు అర్థం," అన్నాడు. "కాలం అని. ఓపెన్‌హైమర్ ఇంగ్లీషులో మృత్యువు అన్నాడు. కాలం అనే చదువుకో."

ప్లుటోనియం సగం కావడానికి 24,000 ఏళ్లు పడుతుంది. ఆమె ఫారంలో మొదటి గడి పుట్టిన తేదీ. వచ్చే శనివారం చర్చి ఆఫీసు తెరిచి ఉంటుందట, పది గంటలకు రమ్మంది.